ఓఎండీ 'ఇంగ్లిష్ ఎలక్ట్రిక్' పన్నెండేళ్ళ తర్వాత: ఆ చిన్న ముక్కల్ని మీరు దాటేస్తారా, వింటారా?

కోటగుమ్మం

అందరికీ నమస్కారం. ఇక్కడ ఎక్కువగా క్యాసెట్లూ, నల్ల రికార్డులే నడుస్తాయి. నాది సీడీ ప్రశ్న, అదీ బొత్తిగా మనది కాని సీడీ. కొంచెం పొడుగే, ఓపిక ఉన్నవాళ్ళు చదవండి.

గత నెల ఇంటికి సున్నాలు వేయించాం. అటక మీంచి దింపిన అట్టపెట్టెల్లో ఒకదాని మీద "యూకే, పగిలే సామాను" అని నా రాత. 2014లో వారింగ్టన్‌లో ఉద్యోగం వదిలి రాజమండ్రి వచ్చేసినప్పుడు కట్టిన పెట్టె. తీరా చూస్తే పగిలేవి ఏమీ లేవు. రెండు ఉన్ని టోపీలు, లైబ్రరీ కార్డు, ఎవరిదో తెలీని గొడుగు, ముప్ఫై ఆరు సీడీలు. గోదారి ఉక్కకి సగం సీడీల్లో పుస్తకాల పేజీలు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. బాగున్న వాటిలో ఓఎండీ వాళ్ళ 'ఇంగ్లిష్ ఎలక్ట్రిక్' ఒకటి. ఎందుకు బాగుందంటే, నాలుగుసార్లు విని, నచ్చక, మళ్ళీ ప్లాస్టిక్ సంచిలో పెట్టి ముడేశాను కాబట్టి.

తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. ఓఎండీ అంటే ఆర్కెస్ట్రల్ మనూవర్స్ ఇన్ ద డార్క్. ఆండీ మెక్లస్కీ, పాల్ హంఫ్రీస్ అని ఇద్దరు కుర్రాళ్ళు 1978లో మొదలెట్టారు. ఊరు విర్రల్. లివర్‌పూల్‌కి విర్రల్ అంటే మనకి కొవ్వూరు అన్నమాట, నది దాటితే వచ్చేస్తుంది. అందరూ గిటార్లు పట్టుకుని అరుస్తున్న రోజుల్లో వీళ్ళు సింథసైజర్లు పట్టుకున్నారు. డబ్బులెక్కడివి? మెక్లస్కీ వాళ్ళమ్మ దగ్గరున్న మెయిల్ ఆర్డర్ కేటలాగులోంచి ఒక చిన్న కోర్గ్ వాయిద్యాన్ని వాయిదాల మీద కొన్నారట. మా అమ్మ మిక్సీ కొన్న పద్ధతే. 1979లో మొదటి పాట పేరే 'ఎలక్ట్రిసిటీ'. మరుసటేడు 'ఇనోలా గే', హిరోషిమా మీద బాంబు వేసిన విమానం గురించి. ట్యూను వింటే మాత్రం పెళ్ళి బ్యాండు వాళ్ళు కూడా వాయించుకోవచ్చు, అంత హుషారు. 1989లో ఇద్దరూ విడిపోయారు, 2006లో మళ్ళీ కలిశారు. కలిశాక వచ్చిన రెండో ఆల్బమ్ ఇది, 2013 ఏప్రిల్‌లో.

నేను కొన్నది వచ్చిన నెలలోనే. శనివారం శనివారం వారింగ్టన్ నుంచి లివర్‌పూల్ వెళ్ళి, ఏమీ కొనకుండా రికార్డు షాపుల్లో తిరగడం అప్పట్లో నా వినోదం. ఆ రోజు వర్షం ఎక్కువై ఒక షాపులో గంటన్నర నిలబడిపోయాను. అంతసేపు నిలబడి ఏమీ కొనకపోతే బాగుండదని కొన్నాను. రైల్లో ల్యాప్‌టాప్‌లో పెట్టుకుని, హెడ్‌ఫోన్లు తగిలించుకుని విన్నాను.

మొదటి ముక్క పేరు 'ప్లీజ్ రిమెయిన్ సీటెడ్'. అందులో పాట లేదు. ఎయిర్‌పోర్టు ప్రకటనలా ఒక గొంతు: మీరు ఎదురుచూసిన భవిష్యత్తు రద్దయింది, దయచేసి మీ సీట్లలోనే కూర్చోండి అంటుంది. నిమిషం కూడా ఉండదు. తర్వాత 'మెట్రోలాండ్', ఏడు నిమిషాలు దాటుతుంది, చాలా అందంగా ఉంటుంది. దానికి తలాడించి, మూడో పాటకి కుదురుకుని, నాలుగోదానికి వచ్చేసరికి మళ్ళీ యంత్రం గొంతులు. 'ద ఫ్యూచర్ విల్ బీ సైలెంట్'. ఇంకా ముందుకెళ్తే 'డెసిమల్', 'అటామిక్ రాంచ్'. పన్నెండింటిలో ఇలాంటివి నాలుగు. పాటలు తక్కువై ఖాళీలు పూడ్చుకున్నారు అనుకున్నాను. యాభై దాటిన ఇద్దరు పెద్దమనుషులు తమ 1983 నాటి 'డాజిల్ షిప్స్' ఆల్బమ్‌ని మళ్ళీ వేడిచేసి వడ్డించారని కూడా అనుకున్నాను. ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించుకునేటప్పుడు ఆ నాలుగింటికీ టిక్కు తీసేశాను. ఎనిమిది పాటల ఆల్బమ్ నాది. అదీ నచ్చలేదు.

ఇప్పుడు సంగతి. ఇంట్లో సీడీ తిప్పే యంత్రం ఏదీ మిగల్లేదు. కారులో ఉండేది, కారు అమ్మేశాం. చివరికి దేవీచౌక్ దగ్గర కంప్యూటర్ షాపులో యూఎస్‌బీ డీవీడీ రైటర్ ఒకటి దొరికింది. షాపతను దుమ్ము దులుపుతూ "ఇంకా ఎవరడుగుతార్సార్ ఇవి" అన్నాడు, బేరం ఆడలేదు. ఆ డబ్బాలో సీడీ పెట్టి, స్పీకర్లకి తగిలించి, హాల్లో మొదట్నుంచీ వదిలాను. టిక్కులు తియ్యడానికి లేదు కదా, వరసగా వచ్చేస్తాయి.

మా నాన్నగారు హాల్లోనే ఉన్నారు. 79 ఏళ్ళు. ఏపీఎస్ఈబీలో షిఫ్టు ఆపరేటర్‌గా చేరి, ముప్ఫై నాలుగేళ్ళు సబ్‌స్టేషన్లలోనే గడిపిన మనిషి. పాటలు వినే అలవాటు లేదు. ఘంటసాల గారి గొంతు వస్తే మాత్రం పేపరు మడుస్తారు. ఈయన ఆ సీడీ డబ్బా చేతిలోకి తీసుకుని, కళ్ళజోడు నుదుటి మీదకి నెట్టి చదివారు.

"ఇంగ్లిష్ ఎలక్ట్రిక్కా? ఎక్కడ కొన్నావురా?"

"లివర్‌పూల్‌లో నాన్నా."

"లివర్‌పూల్‌లో ఫ్యూజులు చేసేవాళ్ళు. రిలేలైతే స్టాఫర్డ్."

అప్పుడు తట్టింది నాకు. మా చిన్నప్పుడు క్వార్టర్స్ నుంచి సబ్‌స్టేషన్‌కి కేరేజీ పట్టుకెళ్ళేవాణ్ణి. కంట్రోల్ రూములో బూడిదరంగు ప్యానెళ్ళు, ఒక్కోదానికీ అద్దం మూతల నల్ల డబ్బాలు వరసగా. అవే రిలేలు, లైనులో తేడా వస్తే కరెంటు ఆపించేవి. ప్రతి డబ్బా మీదా అదే పేరు. నాకు మొట్టమొదట చదవడం వచ్చిన ఇంగ్లిషు మాటల్లో అవి రెండు. 2013లో లివర్‌పూల్ షాపులో అదే పేరు చేతిలో పట్టుకుని నిలబడి కూడా నాకు గుర్తు రాలేదు చూడండి.

ఆల్బమ్‌కి ఆ పేరు ఊరికే పెట్టలేదు. 1918లో పుట్టిన కంపెనీ అది. డెల్టిక్ రైలింజన్లు, లైట్నింగ్ జెట్లు, మన వైమానిక దళం 2007 దాకా నడిపిన క్యాన్‌బెరా విమానాలు, ఇళ్ళల్లోకి ఫ్రిజ్‌లు, అన్నీ చేసింది. రేపు బాగుంటుంది, ఆ రేపటిని మేం తయారు చేస్తాం అన్న ధీమా ఉన్న కంపెనీ. 1968లో జీఈసీ అనే ఇంకో బ్రిటిష్ కంపెనీలో కలిసిపోయింది. అప్పటికి మెక్లస్కీకి తొమ్మిదేళ్ళు.

అలా కూర్చుని విన్నాక, నేను టిక్కు తీసేసిన నాలుగు ముక్కలే ఈ ఆల్బమ్‌కి దూలాలు అనిపించింది. మిగతా పాటలు గోడలు. 'అటామిక్ రాంచ్'లో రోబో గొంతు నాకు ఇల్లు కావాలి, కారు కావాలి, రోబో పెళ్ళాం కావాలి అని జాబితా చదువుతుంది. అది నవ్వులాట కాదు, 1955లో ఎవరో నిజంగా నమ్మిన జాబితా. ఆ వెంటనే వచ్చేది 'ఫైనల్ సాంగ్', అక్కడితో ఆల్బమ్ ముగుస్తుంది. అది తీసేసి ఇది వింటే ఇది వట్టి ముసలి పాట. కలిపి వింటే గొంతులో ఏదో అడ్డం పడుతుంది.

నాన్నగారు 'డెసిమల్' దగ్గర మాత్రం ఆగారు. ఫోన్లో రికార్డు చేసిన గొంతులూ, అంకెలూ ఒకదాని మీద ఒకటి పేర్చిన ముక్క అది. "ఒకటి నొక్కమంటోందా, రెండు నొక్కమంటోందా?" అని అడిగారు.

నా ప్రశ్నలు రెండు. ఈ ముక్కల్ని మీరు మామూలుగా దాటేస్తారా? ఇది నిజంగానే మంచి ఆల్బమా, లేక మా నాన్న పక్కన కూర్చోవడం వల్ల నాకు అలా వినపడుతోందా? మొహమాటం లేకుండా చెప్పండి. ఆ తర్వాత వచ్చినవి నేను వినలేదు, ఏది వినాలో కూడా చెబితే సంతోషం.

ఓరుగల్లు వాక్‌మన్

అన్నా, మొహమాటం లేకుండ చెప్పుమన్నవు కాబట్టి చెప్తున్న. మీ నాయిన వల్లనే. ఆల్బమ్ వల్ల కాదు.

నేను ఓఎండీని ఉల్టా దిక్కుకెల్లి ఇన్నోణ్ణి. క్రాఫ్ట్‌వెర్క్ అని జర్మనీ ఎలక్ట్రానిక్ బ్యాండు, ముందుగాల దాని పిచ్చోణ్ణి, తర్వాత వీళ్ళ దగ్గరికొచ్చిన. 'మెట్రోలాండ్' మొదలు కాంగనే నా చెవి 1977ల క్రాఫ్ట్‌వెర్క్ చేసిన 'యూరప్ ఎండ్‌లెస్' దగ్గరికి పోతది. గా మెట్లు మెట్లుగ ఎక్కే సీక్వెన్సర్, గదే నడక. దగ్గరి సుట్టమే, దాసిపెట్టుకునేది ఏం లేదు. 'కిస్సింగ్ ద మెషీన్' సంగతి తెలుసు కదా? అది కొత్త పాటనే కాదు. క్రాఫ్ట్‌వెర్క్ ఇడిసిపెట్టినంక కార్ల్ బార్టోస్ ఎలెక్ట్రిక్ మ్యూజిక్ అని పెట్టుకున్నడు, 1993ల గాయన ఆల్బమ్ కోసం మెక్లస్కీతోని కలిసి రాసిన పాట. ఇరవై ఏండ్లైనంక హంఫ్రీస్ దాన్ని కొత్తగ కట్టిండు, క్లాడియా బ్రూకెన్ అనే సింగర్ గొంతు కలిపిండ్రు. బాగనే ఉంటది, నేను కాదంటలేను. కాని పన్నెండు ముక్కలల్ల ఒకటి పాతది, నాలుగు అనౌన్స్‌మెంట్లు. ఇంక మిగిలింది ఎంత?

'డాజిల్ షిప్స్' అట్ల కాదు. 1981 ఆల్బమ్ లక్షలకు లక్షలు అమ్ముడుపోయినంక, గా పేరును పణంగ పెట్టి చేసిండ్రు. రేడియో ప్రాగ్ సిగ్నల్, టైము చెప్పే గడియారం గొంతులు, అన్ని దేశాలయి. జనం కొనలేదు, దెబ్బతిన్నరు. భయం తెల్వకుండ చేసిన పని అది. 2013ల అదే పని చేస్తే ఎవడు కొడ్తడు? అందరు చప్పట్లు కొడ్తరు. రిస్కు లేని ప్రయోగం ప్రయోగమే కాదంట నేను.

'నైట్ కఫే' మాత్రం ఇడువను. అమెరికా పెయింటర్ ఎడ్వర్డ్ హాపర్ బొమ్మల పేర్లు పట్టుకొని అల్లిన పాట. హన్మకొండ బస్టాండుల రాత్రి పదకొండింటికి ఒక్కణ్ణే చాయ్ తాగుకుంట ఇన్న ఒకపారి. గాడ సరిగ్గ సరిపోయింది.

ఏది ఇనాల్నో అడిగినవు కదా: 2010ల వచ్చిన 'హిస్టరీ ఆఫ్ మోడర్న్' జోలికి పోకు. ఏ పాటకాపాట వేరే దిక్కు గుంజుతది. 2017 ఆల్బమ్ కొనుక్కో.

ఏడీఈ రిటైర్డ్, నెల్లూరు

కోటగుమ్మం గారికి నమస్కారములు. నాకు ఈ సంగీతం బొత్తిగా తెలియదు. మా మనవడు ఈ చర్చ చూపించి "తాతా, నీ రిలేలు" అన్నాడు. అందుకని రాస్తున్నాను, అధిక ప్రసంగం అనుకోవద్దు.

మీ నాన్నగారు చెప్పింది అక్షరాలా నిజం. ఫ్యూజుగేర్ లివర్‌పూల్‌లో ఈస్ట్ లాంకషైర్ రోడ్డు ఫ్యాక్టరీది. మీటర్లు, రిలేలు స్టాఫర్డ్. తర్వాత మద్రాసు పల్లావరంలో ఇంగ్లిష్ ఎలక్ట్రిక్ కంపెనీ ఆఫ్ ఇండియా వారు ఇక్కడే చేయడం మొదలుపెట్టారు. మేము 33 కేవీ, 11 కేవీ ఫీడర్ల (కరెంటు పంపే లైన్ల) మీద వాడినవి ఎక్కువగా సీడీజీ రకం.

మీరు చిన్నప్పుడు అద్దం మూతలోంచి చూసే ఉంటారు, లోపల ఒక అల్యూమినియం పళ్ళెం ఉంటుంది, పాత కరెంటు మీటరులో ఉన్నట్టు. లైనులో కరెంటు మనం పెట్టిన హద్దు దాటితే ఆ పళ్ళెం తిరగడం మొదలుపెడుతుంది. కొంచెం దాటితే నిమ్మళంగా, బాగా దాటితే గబగబా. తిరిగి తిరిగి కాంటాక్టు మూసుకోగానే బ్రేకరు ట్రిప్పు అయి లైను ఆగిపోతుంది, రిలేలో ఫ్లాగు, అంటే గుర్తు రేకు, పడుతుంది. చెట్టుకొమ్మ తగిలి అర క్షణంలో తప్పుకుంటే, పళ్ళెం కొంచెం తిరిగి మళ్ళీ వెనక్కి వచ్చేస్తుంది. తొందరపడదు. ఇప్పటి న్యూమరికల్ రిలేలలో ఈ లెక్కంతా చిప్పు చేస్తుంది, కంటికి కనపడేది ఏమీ లేదు. సీడీజీలో మాత్రం యంత్రం ఆలోచిస్తున్నట్టు కనపడేది. ఇది సాంకేతికంగా తప్పు మాటే, కానీ రాత్రి షిఫ్టులో ఉన్నవాడికి అలాగే ఉంటుంది.

ఇంకో సంగతి. నేను ఉద్యోగంలో ఉండగానే వయొలిన్ నేర్చుకున్నాను, పైస్థాయికి పోలేదు. మన కరెంటు 50 హెర్ట్జ్ కనుక ట్రాన్స్‌ఫార్మర్ హోరు దానికి రెట్టింపు, 100 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. అది మంద్రంలో ఐదు శ్రుతికి, అంటే ఇంగ్లిషు వాళ్ళ జీ స్వరానికి, కాస్తంత పైన. పవర్ ట్రాన్స్‌ఫార్మర్ పక్కన నిలబడి తంబురా అవసరం లేకుండా సాధన చేసుకునేవాణ్ణి. గ్రిడ్డు ఫ్రీక్వెన్సీ 49కి జారిన రోజుల్లో శ్రుతి కూడా దిగేది, నా చెవికి ముందే తెలిసేది. గ్రిడ్డును చూసుకునే లోడ్ డిస్పాచ్ వాళ్ళు తర్వాత ఫోను చేసేవారు.

ఆ ఆంగ్లేయ కుర్రవాళ్ళు మొదటి పాటకి కరెంటు పేరు పెట్టారని రాశారు. బాగుంది. మీ నాన్నగారిని ఒకటి అడిగి చెప్పగలరా? వారి సబ్‌స్టేషన్‌లో రిలేల నేమ్‌ప్లేటు మీద స్టాఫర్డ్ అని ఉండేదా, మద్రాసు అని ఉండేదా?

లక్ష్మి_సాల్ఫర్డ్

కోటగుమ్మం గారూ, మీరు రైల్లో ఈ సీడీ విన్నానంటే నవ్వొచ్చింది. వారింగ్టన్ నుంచి ఎర్ల్స్‌టౌన్ మీదుగా వెళ్ళే రైలెక్కి ఉంటే, మీరు వల్కన్ ఫౌండ్రీ ఉన్న చోటు పక్కనుంచే వెళ్ళారు. బొంబాయి–ఠాణా మధ్య మన దేశపు మొట్టమొదటి ప్రయాణికుల రైలు కోసం ఇంజన్లు చేసింది ఆ ఫౌండ్రీయే. 1955లో ఇంగ్లిష్ ఎలక్ట్రిక్‌లో కలిసింది. డెల్టిక్‌లు అక్కడే తయారయ్యాయి. మీరు వెళ్ళేనాటికి షెడ్లు కూల్చేశారు, ఇప్పుడక్కడ ఇళ్ళున్నాయి. కిటికీలోంచి చూసినా మీకేమీ కనపడేది కాదు లెండి.

వాక్‌మన్ గారితో సగం ఒప్పుకుంటాను. 'మెట్రోలాండ్'కి క్రాఫ్ట్‌వెర్క్ అప్పు ఉంది. కానీ అది దొంగతనం లెక్కలోకి రాదండీ, 1975 సెప్టెంబరులో లివర్‌పూల్ ఎంపైర్‌లో క్రాఫ్ట్‌వెర్క్ కచేరీ చూసిన పదహారేళ్ళ కుర్రాడు మెక్లస్కీ. 'Q' అక్షరం వరసలో 36వ సీటు అని ఇప్పటికీ చెబుతాడు. ఎవరి దగ్గర నేర్చుకున్నాడో వాళ్ళ రాగంలో యాభయ్యో పడిలో ఒక పాట కట్టుకుంటే, మన దగ్గరైతే దాన్ని గురుదక్షిణ అంటాం.

రిస్కు లేదన్న మాట మాత్రం ఒప్పుకోను. మీరు 'డ్రెస్డెన్' గురించి ఎవరూ మాట్లాడలేదు, ఆశ్చర్యంగా ఉంది. ప్రేమ కాలి బూడిదవడాన్ని 1945లో బాంబులకి తగలబడిన ఆ జర్మనీ నగరంతో పోల్చాడు. వినడానికి బెడిసికొట్టాల్సిన పోలిక. నాకు మొదట చిరాకు కూడా వేసింది, వేలమంది చచ్చిపోయిన చోటు ఇతని బ్రేకప్‌కి సామానా అని. తర్వాత ఆల్బమ్ పేరు గుర్తొచ్చింది. యుద్ధంలో ఇంగ్లిష్ ఎలక్ట్రిక్ చేసింది ఫ్రిజ్‌లు కాదు, ప్రెస్టన్‌లో హాలిఫాక్స్ బాంబర్లు. ముప్ఫై మూడేళ్ళ ముందు 'ఇనోలా గే' రాసినవాడు ఈ సంగతి తెలియకుండా ఆ పేరూ ఆ పాటా ఒకే అట్ట కింద పెట్టాడని నేననుకోను. యంత్రం అంటే వీళ్ళకి ఎంత ప్రేమో అంత అనుమానం. కోటగుమ్మం గారు ఆశ గురించి మాత్రమే రాశారు. ఇది రెండో వైపు.

2024లో వాళ్ళని వేదిక మీద చూశాను. మెక్లస్కీకి 64 ఏళ్ళు. ఆ చేతులు గిరగిరా తిప్పే డాన్సు ఇంకా చేస్తున్నాడు, అదే ఘోరంగా. పక్కనున్న మా అమ్మాయి సిగ్గుతో మొహం కప్పుకుంది. నేను కూడా లేచి చేశాను.

'స్టే విత్ మీ' ఎవరికీ నచ్చలేదా? హంఫ్రీస్ పాడింది. గొప్ప గొంతు కాదు. పెద్ద మనిషి మెల్లిగా అడుగుతున్నట్టుంటుంది, అంతే, నాకు చాలు.

తర్వాతి ఆల్బమ్ విషయంలో వాక్‌మన్ గారి మాటే నాదీ. 2017లో వచ్చిన 'ద పనిష్‌మెంట్ ఆఫ్ లగ్జరీ'. ఆ పేరు లివర్‌పూల్ వాకర్ ఆర్ట్ గ్యాలరీలో ఉన్న సెగాంతీని అనే ఇటలీ చిత్రకారుడి బొమ్మది. 2023 'బౌహౌస్ స్టెయిర్‌కేస్' ఇక్కడ బ్రిటన్ చార్టుల్లో రెండో స్థానం దాకా వెళ్ళింది, కానీ దాని మీద నాకు ఇంకా అభిప్రాయం కుదరలేదు. చిన్న ముక్కలు దాటేస్తానా అంటే, వంటింట్లో దాటేస్తాను, చేతులు తడిగా ఉంటే దాటలేను.

ఓరుగల్లు వాక్‌మన్

లక్ష్మక్కా, గురుదక్షిణ అన్నవు కాబట్టి నోరు మూసుకున్న. 'డ్రెస్డెన్' సంగతి నాకు తట్టలేదు. రాత్రి మళ్ళ ఇన్న. గిటార్ లెక్క వినొచ్చే ఆ బేస్ ముంగట మాటలు ఎన్నడు పట్టించుకోలే నేను.

అయినా 'డెసిమల్' నేను ఇననంటే ఇనను. మా కొలువుల రోజంతా గా గొంతులే.

నెల్లూరు సారూ, ట్రాన్స్‌ఫార్మర్ శ్రుతి ముచ్చట చదివి మా గల్లీల ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరికి పోయి, ఫోన్ల ట్యూనర్ యాప్ పెట్టి చూసిన. జీ చూపెట్టింది, ముల్లు కొంచెం కుడి దిక్కు. వాచ్‌మన్ నన్ను చూసి కరెంటాఫీసోణ్ణి అనుకొని వాళ్ళింట్ల లో వోల్టేజీ గురించి పావుగంట చెప్పిండు.

కోటగుమ్మం

అందరికీ ధన్యవాదాలు. ఇన్ని జవాబులు వస్తాయనుకోలేదు.

లక్ష్మి గారూ, మీరన్నాక సీడీ పుస్తకం తీసి మాటలు చదువుకుంటూ 'డ్రెస్డెన్' విన్నాను. నిజమే, నేను ఆశ ఒక్కటే విన్నాను. ప్యానెల్ మీద పేరు చదివి ఆనందపడ్డ పిల్లాడి చెవులతో విన్నాను కాబట్టేమో. మా సబ్‌స్టేషన్‌లో ఒక లైన్‌మన్ గారికి జరిగింది గుర్తొచ్చింది. అది ఇక్కడ రాయను. ఆ తర్వాత చాలా రోజులు నేను కేరేజీ గేటు దగ్గరే ఇచ్చేసి వచ్చేవాణ్ణి, లోపలికి వెళ్ళలేదు.

వాక్‌మన్ గారూ, "మీ నాయిన వల్లనే" అన్నారు. సగం ఒప్పుకుంటున్నాను. అందుకే పరీక్ష పెట్టుకున్నాను. మొన్న నాన్నగారు చెల్లెలింటికి వెళ్ళినప్పుడు, ఒక్కణ్ణే తలుపులు వేసుకుని మొత్తం విన్నాను. 'హెలెన్ ఆఫ్ ట్రాయ్' ఈసారి కూడా మామూలుగానే అనిపించింది, ఈ జట్టు ఇలాంటి పాట నిద్రలో కూడా కట్టగలదు. 'అవర్ సిస్టమ్' అంతరిక్షపు శబ్దాలతో మొదలై అంత పెద్దదయ్యేసరికి కిటికీ అద్దాలు అదిరాయి, కింద పోర్షన్ వాళ్ళు పైకి వచ్చారు. ముక్కలు నాలుగూ దాటకుండా విన్నాను. 'అటామిక్ రాంచ్' నుంచి 'ఫైనల్ సాంగ్'కి మారే చోట మొన్నటిలాగే అయింది. ఇంట్లో ఎవరూ లేరు. కనుక ఆల్బమ్‌కి కూడా కొంత వాటా ఇవ్వాలి.

నెల్లూరు సార్, మీ ప్రశ్న నాన్నగారికి చదివి వినిపించాను. మళ్ళీ చదవమన్నారు. తర్వాత ఒక పాత డైరీ వెనక పేజీలో ప్యానెళ్ళ వరస బొమ్మ గీశారు, ఎడం నుంచి కుడికి, ఫీడర్ల పేర్లతో సహా. మొదటి రెండు ఫీడర్లవి స్టాఫర్డ్‌వి, మిగిలినవన్నీ మద్రాసువి అని చెప్పారు. ఏవి బాగా పనిచేసేవి అని అడిగాను.

"రెండూ ఒకటేరా. ఫ్లాగు పడిందంటే ఏ ఊరుదైనా మనమే లేచెళ్ళి రీసెట్ చెయ్యాలి. అర్ధరాత్రి రెండింటికి స్టాఫర్డ్ వాడు వస్తాడా?"

ఆ బొమ్మ ఫొటో తీశాను, మీ మనవడు అడిగితే పంపుతాను. 2017 సీడీకి ఆర్డరు పెట్టాను. రాగానే ముందు డబ్బా మీద ఏం రాసుందో నాన్నగారికి చూపిస్తాను, పాటలు తర్వాత.